మొదటి రైఫిల్ కన్నా ముందు కోటు

"బాపూ, నాకు రైఫిల్ కావాలె."

పత్తి అమ్మిన పైసలు చేతికందే రోజుల్లో ఆదిలాబాద్ జిల్లాలోని ఏ ఇంట్లోనైనా ఈ మాట వినిపించిందనుకోండి. వంటింట్లో అమ్మ చేతిలో గంటె అక్కడే ఆగిపోతుంది. "తుపాకా? ఆడపిల్లకు తుపాకెందుకే?" అని బాపమ్మ నోరు నొక్కుకుంటుంది. బాపు మాత్రం అసలు ప్రశ్న అడుగుతాడు. "ఎంతైతది?"

"మూడు లక్షల దాకా అయితదట."

ఇక ఆ ఇంట్లో కాసేపు మాటలుండవు.

మూడు లక్షలంటే మాటలా? ఓ సన్నకారు రైతు ఇంట్లో అది ఏడాది కష్టం. సింగరేణి కార్మికుడి ఇంట్లో అయితే కూతురి పెళ్లికని దాచిన సొమ్ములో ఓ భాగం. పైగా తుపాకీ అనగానే ఈ జిల్లాలో గుర్తొచ్చే సంగతులు వేరు. 1940 నాటి జోడేఘాట్, 1981 నాటి ఇంద్రవెల్లి. ఇక్కడి పెద్దలకు తుపాకీ మోత ఆట కాదు, గాయం. అలాంటి చోట ఓ పిల్ల ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ 22 రైఫిల్ పట్టుకుని నాలుగు గుళ్లు కాల్చి, 'నేను దీంట్లో పోటీలకు పోతా' అంటే ఇంట్లోవాళ్లు కంగారు పడటంలో వింతేముంది?

కాబట్టి ఈ వారం మన శీర్షిక ఆ పిల్లకూ, ఆ బాపుకూ. గురి చూసి కాల్చే పోటీల్లోకి దిగాలనుకునేవాళ్లు మొదటి రైఫిల్‌ను ఎలా ఎంచుకోవాలి? ఎప్పుడు కొనాలి? అసలు కొనాలా?

బుగ్గలతో మొదలు

మనవాడి సంగతితోనే మొదలుపెడదాం. గగన్ నారంగ్ పుట్టింది చెన్నైలో అయినా పెరిగింది హైదరాబాద్‌లోనే. 1997లో తండ్రి గాలి పిస్తోలు కొనిస్తే బేగంపేటలోని ఇంటి పెరట్లో బుగ్గలు పేలుస్తూ గురి నేర్చుకున్నాడు. జాతరలో మన పిల్లలు పది రూపాయలిచ్చి పేలుస్తారే, అవే బుగ్గలు. 2003లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు.

కొడుక్కి మంచి రైఫిల్ కొనడం కోసం ఆ తండ్రి ఇంటి స్థలం అమ్మేశాడన్న సంగతి అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. స్థలం పోయాక ఆ కుటుంబం ఏళ్ల తరబడి అద్దె ఇంట్లోనే ఉంది. ఈ కథ విన్న ప్రతి తల్లిదండ్రులకీ ఒకటే అనిపిస్తుంది. 'మనమూ ఏదో ఒకటి అమ్మితేగానీ మన పిల్లకు పతకం రాదేమో' అని.

ఆ కథలో మనం వదిలేసే ముక్క ఒకటుంది. ముందు బుగ్గలు. స్థలం అమ్మకం ఆ తర్వాతి మాట. పిల్లవాడికి నిజంగా గురి ఉందనీ, దాన్ని వదలడనీ తేలాకే ఆ తండ్రి అంత పెద్ద అడుగు వేశాడు. ఆ వరస తలకిందులైతేనే చిక్కు. ఒలింపిక్స్ టీవీలో చూసిన ఊపులో జనవరిలో కొన్న రైఫిల్ జూన్ నాటికి బీరువా మీదికెక్కుతుంది. స్థలమూ పోతుంది, ఆటా పోతుంది.

ఆవగింజ కన్నా చిన్న చుక్క

రైఫిల్ ఎంచుకునే ముందు ఆట ఏమిటో తెలియాలి కదా.

కొత్తవాళ్లు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. మందుగుండు ఉండదు. ఒత్తిపెట్టిన గాలి బలంతో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్ బయటికి దూసుకెళ్తుంది. ఎదురుగా ఉండే లక్ష్యం మొత్తం వెడల్పే 45.5 మిల్లీమీటర్లు. దాని నడుమ పది పాయింట్ల చుక్క ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు. పోపులో వేసే ఆవగింజ కన్నా చిన్నది. పది మీటర్ల అవతల, నిలబడి, దేనికీ ఆనుకోకుండా దాన్ని కొట్టాలి.

ఒకసారి కాదు, అరవైసార్లు. అందుకు ఇచ్చే సమయం 75 నిమిషాలు. అంటే గుండుకు నిమిషం పావు. ఒక్కో గుండుకు గరిష్ఠంగా 10.9 పాయింట్లు. అరవైకీ కలిపి 654. ఒకప్పుడు ఆడవాళ్లకు నలభై గుళ్లే ఉండేవి. 2018 నుంచి వాళ్లకూ అరవై.

రైఫిల్ బరువు ఐదున్నర కిలోలు దాటకూడదు. టెలిస్కోపు పెట్టకూడదు. వెనక ఒక చిన్న కంత, ముందు ఒక వలయం. కంతలోంచి చూస్తే వలయం మధ్యలో నల్లటి లక్ష్యం కనిపించాలి. అంతే.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, ఈ ఆటలో రైఫిల్ చేసే పని చాలా తక్కువ. పోటీ కోసం తయారైన ఏ మంచి ఎయిర్ రైఫిల్‌నైనా బల్ల మీద బిగించి కాల్చండి. గుళ్లన్నీ దాదాపు ఒకే కంతలోంచి పోతాయి. కదిలేది రైఫిల్ కాదు, మనం. గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, మోకాలు వణుకుతుంది. అందుకే మూడు లక్షల రైఫిల్‌కూ లక్షన్నర రైఫిల్‌కూ ఉన్న తేడా కొత్తగా నేర్చుకునేవాళ్ల స్కోరులో కనిపించదు. ఏడాది సాధన చేసినవాళ్లకూ ఆరు నెలలు చేసినవాళ్లకూ ఉన్న తేడా మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

లైసెన్సు కావాలా?

బాపమ్మ భయం ముందు తీర్చేద్దాం. ఎయిర్ రైఫిల్ అంటే పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరగాల్సిన వస్తువు కాదు. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న గాలి తుపాకులకు లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే రైఫిళ్ల శక్తి సుమారు ఏడున్నర జౌళ్లే. అయినా కొన్న బిల్లు, మీ గుర్తింపు కార్డు నకలు రైఫిల్ పెట్టెలోనే ఉంచండి. బస్సులోనో రైల్లోనో ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తాయి.

ఎన్‌సీసీలో పట్టిన పాయింట్ 22 రైఫిల్ సంగతి వేరు. అందులో ఉండేది మందుగుండు. 1959 ఆయుధ చట్టం కిందకి వస్తుంది. లైసెన్సు, వయసు నిబంధన, తూటాల లెక్క అన్నీ ఉంటాయి. క్రీడాకారులకు వేరే వెసులుబాట్లున్నా, వాటిని అందుకోవాలంటే ముందు ఎయిర్ రైఫిల్‌లో పోటీలాడి నాలుగు స్కోర్లు చూపించాలి. కాబట్టి మొదటి రైఫిల్ అంటే ఎయిర్ రైఫిలే. యాభై మీటర్ల ముచ్చట తర్వాత.

ఇంకోమాట. లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ అని కాదు. సెకనుకు నూట డెబ్బై మీటర్ల వేగంతో వచ్చే పెల్లెట్ కన్ను తీసేస్తుంది. కాల్చనప్పుడు గొట్టంలో రంగు దారం పెట్టి ఉంచడం రేంజ్‌లో మొదటి రోజు నేర్పే పాఠం. ఇంట్లోనూ అదే పాటించాలి. కాల్చడం అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు, పెల్లెట్లు సీసంవి కాబట్టి. కవ్వాల్ అడవి పక్కన ఉన్నాం కదా అని పిట్టల మీద, కుందేళ్ల మీద గురి చూస్తే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. గురి కాగితం మీదే.

అరువు రైఫిల్‌కు నామోషీ లేదు

అవనీ లేఖరా పేరు విన్నారుగా. జైపూర్ అమ్మాయి. కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడి చక్రాల కుర్చీకి పరిమితమైంది. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం, 2024 పారిస్‌లో మళ్లీ స్వర్ణం. ఆమె 2015లో షూటింగ్ మొదలుపెట్టిన కొద్ది నెలలకే రాజస్థాన్ రాష్ట్రస్థాయి పోటీల్లో బంగారు పతకం కొట్టింది. చేతిలో ఉన్నది సొంత రైఫిల్ కాదు, కోచ్ దగ్గర అరువు తెచ్చుకున్నది.

స్వప్నిల్ కుశాలేదీ పల్లెటూరే. కొల్హాపూర్ జిల్లాలోని కాంబళ్‌వాడీ. తండ్రి బడిపంతులు. 2009లో మహారాష్ట్ర ప్రభుత్వ క్రీడా ప్రబోధినిలో చేరాడు. తర్వాత రైల్వేలో టికెట్ కలెక్టరయ్యాడు. 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాడు. అదే కొల్హాపూర్ నుంచి వచ్చిన తేజస్విని సావంత్ 2010లో మ్యూనిక్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది. కొల్హాపూర్ ముంబై కాదు. మన కరీంనగర్ లాంటి జిల్లా కేంద్రమే. అక్కడి పిల్లలకు రైఫిల్ కన్నా ముందు దొరికింది నేర్పేవాళ్లు, నేర్చుకునే చోటు.

మనకు ఆ చోటే కొరత. ఆదిలాబాద్‌లో, కరీంనగర్‌లో క్రీడా పాఠశాలలున్నాయి. ఎన్‌సీసీ ఉంది. కానీ ఎయిర్ రైఫిల్‌లో లోతుగా శిక్షణ కావాలంటే మాత్రం చూపు హైదరాబాద్ వైపు తిరుగుతుంది. సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని షూటింగ్ రేంజ్ కానీ, గగన్ నారంగ్ 2011లో మొదలుపెట్టిన 'గన్ ఫర్ గ్లోరీ' లాంటి అకాడమీలు కానీ అక్కడే ఉన్నాయి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. బస్సెక్కితే ఒక రాత్రి.

అయినా సరే, రైఫిల్ కొనే ముందు ఆ ప్రయాణమే చేయండి. వేసవి సెలవుల్లో నెల, దసరాకు పది రోజులు, సంక్రాంతికి ఓ వారం. అకాడమీ రైఫిళ్లతో కాల్చనివ్వండి. నెలయ్యేసరికి పిల్ల మోజు తీరిపోతే మీకు ఖర్చయింది ఫీజూ, బస్సు చార్జీలూ. మోజు పెరిగితే అప్పటికి ఆ పిల్ల నాలుగు రకాల రైఫిళ్లు భుజాన పెట్టుకుని ఉంటుంది. ఏది తన ఒంటికి నప్పుతుందో తనకే తెలుస్తుంది. దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పలేరు.

ముందు కోటు, తర్వాత రైఫిల్

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో యాభై వేలున్నాయి. దేనికి పెట్టాలి?

రైఫిల్‌కు మాత్రం కాదు. కోటుకు, బూట్లకు.

షూటర్లు తొడుక్కునే దళసరి కోటు చూశారుగా. అది ఫ్యాషన్ కోసం కాదు. కుడిచేతివాటం వాళ్లు నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచెయ్యిని నడుముకు ఆనించి, వెన్ను కాస్త వెనక్కి వంచి నిలబడతారు. ఐదు కిలోల బరువు గంటకు పైగా వెన్ను మీదే పడుతుంది. కోటు ఆ వెన్నును కాపాడుతుంది, గుండె చప్పుడు రైఫిల్‌కు తగలకుండా అడ్డుకుంటుంది. దాని మందం రెండున్నర మిల్లీమీటర్లు మించకూడదని నిబంధన. పోటీకి ముందు యంత్రం పెట్టి కొలుస్తారు కూడా.

రైఫిల్‌కు మరలుంటాయి. తిప్పి, జరిపి ఎవరి కొలతకు తగ్గట్టు వాళ్లు సరిచేసుకోవచ్చు. అందుకే అది అరువు నడుస్తుంది. కోటుకు మరలుండవు. ఒకరి కోటు ఇంకొకరికి సరిపోదు. వదులైతే వెన్నుకు ఆసరా ఉండదు, బిగుతైతే ఊపిరాడదు. అందుకే సొంతంగా కొనే మొదటి వస్తువు కోటు, రెండోది అడుగు చదునుగా ఉండే బూట్లు, మూడోది ఓ చేతి తొడుగు. రైఫిల్ నాలుగో వస్తువు.

'మా పిల్లకు పన్నెండేళ్లే, ఏడాది తిరిగేసరికి కోటు పొట్టిదైపోతుంది కదా' అంటారా? నిజమే. ఎదిగే పిల్లలకు కొత్తది కొనకండి. అకాడమీలో పెద్ద పిల్లలు వదిలేసిన కోట్లు సగం ధరకే దొరుకుతాయి. కొలత దగ్గరగా ఉంటే చాలు, టైలరు గుండీలు జరిపి కుడతాడు.

రైఫిల్‌ను కాదు, పిల్లను కొలవండి

ఇక రైఫిల్ కొనే రోజు వచ్చిందనుకుందాం. జర్మనీ నుంచి వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షూట్జ్, ఆస్ట్రియా నుంచి స్టెయిర్. పోటీల్లో ఎక్కువగా కనిపించే పేర్లివి. పూర్తిస్థాయి మోడల్ కొత్తది కొంటే మన దగ్గర రెండు లక్షల నుంచి నాలుగు లక్షల దాకా పడుతుంది. మన దేశంలో తయారయ్యేవి అంతకన్నా చాలా తక్కువకే వస్తాయి. ఏ పేరు గొప్పదన్న వాదన టీకొట్టు దగ్గర గంటలకొద్దీ సాగుతుంది. అది వదిలేసి ఈ నాలుగు చూడండి.

మొదటిది కన్ను. మనకు రెండు కళ్లున్నా పెత్తనం ఒకదానిదే. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి ఎదురుగోడ మీది గడియారాన్ని చూడమనండి. ఒక్కో కన్నూ మూయమనండి. ఏ కన్ను మూస్తే గడియారం మాయమవుతుందో అదే పెత్తందారు కన్ను. కుడిచేత్తో అన్నం తినే పిల్లకు ఎడమకన్ను పెత్తనం ఉండొచ్చు. అప్పుడు ఎడమ భుజాన పెట్టి నేర్పాలా, లేక కుడివైపే నేర్పి ఎడమ కంటికి తెర కట్టాలా అన్నది కోచ్ తేల్చాలి. అది తేలకుండా కుడిచేతివాటం రైఫిల్ కొంటే సగం డబ్బు గోదావరిలో పోసినట్టే.

రెండోది బరువు. ముప్పై కిలోల పిల్ల చేతికి ఐదు కిలోల రైఫిల్ ఇస్తే గురి కుదరదు సరికదా, నడుము నొప్పి మిగులుతుంది. అందుకే వాల్తర్‌లో జూనియర్ మోడళ్లు, ఫైన్‌వెర్క్‌బావ్‌లో 500 లాంటి మొదటిమెట్టు మోడళ్లు, హామర్లీ ఏఆర్ 20 లాంటివి ఉన్నాయి. తేలిక, ధర తక్కువ, పొడవు సరిచేసుకోవచ్చు. పిల్ల ఎదిగాక అమ్మేసినా కొనేవాళ్లుంటారు.

మూడోది కొలత. పిల్లను కళ్లు మూసుకుని రైఫిల్ భుజాన పెట్టుకోమనండి. చెంప ఆనించి, ఊపిరి వదిలి, అప్పుడు కళ్లు తెరవమనండి. మెడ సాగదీయకుండా, తల వంచకుండా కన్ను నేరుగా వెనక కంత ఎదురుగా ఉండాలి. లేకపోతే భుజానికి ఆనే భాగాన్ని, చెంప ఆనే చెక్కను జరపాలి. ఎంత జరిపినా కుదరకపోతే ఆ రైఫిల్ ఎంత చవకైనా మనది కాదు.

నాలుగోది ట్రిగ్గర్. పోటీ రైఫిల్ ట్రిగ్గర్‌కు వంద గ్రాముల ఒత్తిడి కూడా అక్కర్లేదు. వేలు మోపడానికీ గుండు పేలడానికీ మధ్య రెండు దశలు స్పష్టంగా తెలియాలి. ప్రతిసారీ ఒకే చోట పేలాలి. అప్పుడొకచోట, ఇప్పుడొకచోట పేలే ట్రిగ్గర్ పిల్లకు దురలవాటు నేర్పుతుంది.

గాలి ఎక్కడ కొట్టిస్తారు?

ఈ ప్రశ్న హైదరాబాద్‌లో ఎవరూ అడగరు. ఆదిలాబాద్‌లో ముందు అడగాల్సింది ఇదే.

ఇప్పటి పోటీ రైఫిళ్లకు గొట్టం కింద చిన్న గాలి సిలిండర్ ఉంటుంది. అందులో 200 బార్ ఒత్తిడితో గాలి నింపాలి. కారు టైరులో ఉండేది రెండు బార్‌లు. అంటే దానికి వంద రెట్లు. పంక్చర్ షాపులో కుదిరే పని కాదు. రేంజ్‌లో కంప్రెసర్ ఉంటుంది. ఇంటి దగ్గర కాల్చాలంటే ఆ ఒత్తిడి కోసమే తయారైన చేతిపంపు కొనాలి, లేదా రేంజ్ నుంచి పెద్ద సిలిండర్ నింపించి తెచ్చుకోవాలి. ఆ ఖర్చు కూడా రైఫిల్ ధరలో కలిపి చూసుకోండి.

ఒక హెచ్చరిక. 'ఆస్పత్రి ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా, దాంతో నింపేద్దాం' అని ఎవరైనా సలహా ఇస్తే దండం పెట్టి పంపించేయండి. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కు కాస్త నూనె తగిలినా పేలిపోతుంది. రైఫిల్లోకి పోవాల్సింది తేమ లేని మామూలు గాలి మాత్రమే.

ఇంత తంటా వద్దనుకునేవాళ్లకు పాతకాలపు దారి ఒకటుంది. ఫైన్‌వెర్క్‌బావ్ 300 ఎస్ లాంటి స్ప్రింగు రైఫిళ్లు. పక్కనున్న పిడి లాగితే చాలు, గుండుకు సరిపడా శక్తి వచ్చేస్తుంది. సిలిండర్ లేదు, కంప్రెసర్ లేదు. ఒకప్పుడు ప్రపంచస్థాయి పోటీల్లో ఏలినవే. బాగా చూసుకున్నది దొరికితే ఊళ్లో ఉండి సాధన చేసే పిల్లకు రెండు మూడేళ్లు హాయిగా సరిపోతుంది. విడిభాగాలు దొరకడం మాత్రం కష్టం. బాగుచేసేవాళ్లు ఎవరో కనుక్కున్నాకే కొనండి.

పాతది కొంటే

రైఫిల్ విషయంలో సెకండ్‌హ్యాండ్ అంటే చిన్నచూపు అక్కర్లేదు. గొట్టం త్వరగా అరిగేది కాదు. వేల గుళ్లు కాల్చినా చెక్కుచెదరదు. చూడాల్సినవి వేరే.

సిలిండర్ మీద తయారైన నెల, ఏడాది చెక్కి ఉంటాయి. దాని ఆయుష్షు సాధారణంగా పదేళ్లు. పదేళ్లు దాటిన సిలిండర్‌తో పోటీకి వెళ్తే తనిఖీలో పక్కన పెట్టేస్తారు. కొత్తది కొనాలంటే మళ్లీ వేలల్లో ఖర్చు. ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. సిలిండర్ నింపి ఒక రాత్రి ఉంచండి. పొద్దున్నే ముల్లు కిందికి దిగితే ఎక్కడో గాలి కారుతోందన్నమాట. దిగుమతి కాగితాలు, మొదటి బిల్లు, సీరియల్ నంబరు మూడూ కలవాలి. కాగితాలు లేని విదేశీ రైఫిల్ ఎంత చవకైనా వద్దు. చివరగా కోచ్‌ను వెంటబెట్టుకుని వెళ్లి యాభై గుళ్లు కాల్చి చూడండి. అమ్మేవాడు కాల్చనివ్వనంటే అదే జవాబు.

కొన్న తర్వాతే అసలు ఖర్చు

గేదెను కొన్నవాడికి దాణా సంగతి తెలియాలి. రైఫిల్‌కు దాణా పెల్లెట్లు. డబ్బాకు ఐదొందలుంటాయి. రోజుకు వంద కాల్చే పిల్లకు ఐదు రోజులకో డబ్బా. నెలకు పాతిక రోజుల సాధన అనుకుంటే ఐదు డబ్బాలు, ఏడాదికి అరవై. దీనికి రేంజ్ ఫీజు, పోటీల ప్రవేశ రుసుము, ప్రయాణాలు కలపండి. రాష్ట్ర రైఫిల్ సంఘం పోటీల్లో అర్హత స్కోరు సాధిస్తే జీవీ మావలంకర్ పోటీలు, అక్కడ మళ్లీ అర్హత సాధిస్తే జాతీయ పోటీలు. ఒక్కో మెట్టూ ఒక్కో రైలు టికెట్టు. ఒక్కటి కాదు రెండు, తోడుగా పెద్దవాళ్లుండాలి కదా.

అందుకే చేతిలో ఉన్నదంతా రైఫిల్‌కే పెట్టేయొద్దంటున్నది. లక్షన్నర రైఫిల్ కొని మిగతా లక్షన్నరను రెండేళ్ల సాధనకు ఉంచుకున్న ఇల్లు, మూడు లక్షల రైఫిల్ కొని పెల్లెట్లకు వెతుక్కునే ఇంటి కన్నా ఎప్పుడూ ముందుంటుంది.

పైసా ఖర్చులేని సాధన కూడా ఒకటుంది. గుండు పెట్టకుండా ట్రిగ్గర్ నొక్కడం. మంచి రైఫిళ్లలో అందుకు వేరే మీటే ఉంటుంది. గోడ మీద చిన్న చుక్క పెట్టి రోజూ అరగంట. నిలబడటం, ఊపిరి బిగబట్టడం, నొక్కిన తర్వాత కూడా కదలకుండా ఉండటం. ప్రపంచ ఛాంపియన్లు కూడా మానని సాధన ఇది. డిసెంబరు చలిలో వేళ్లు కొంకర్లు పోయే ఆదిలాబాద్ పొద్దుటి పూట ఈ అరగంట చేయగలిగిన పిల్లకు రైఫిల్ కొనొచ్చు. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

నాలుగు మాటలు వినలేకపోయినా

హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్‌కు పుట్టుకతోనే వినికిడి లేదు. గగన్ నారంగ్ అకాడమీలో నేర్చుకున్నాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. 2025లో టోక్యోలో మళ్లీ గెలిచాడు. అరిచి చెప్పే కోచింగ్ అతనికి చేరదు. చేరింది నిలకడ.

మన దేశానికి ఈ ఆటలో 2008 బీజింగ్‌లో మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రాకు డబ్బుకు లోటు లేదు. ఇంటి దగ్గరే సొంత రేంజ్. అంతటివాడికీ ఫైనల్‌కు ముందు సరిచూసుకునే గుళ్లు కాల్చబోతే సైట్ జరిగిపోయి ఉంది. గుండు చుక్కకు ఆమడ దూరంలో పడింది. కంగారు పడకుండా సైట్ సరిచేసుకుని నిలబడ్డాడు. ఆఖరి గుండు 10.8. ఎంత ఖరీదైన రైఫిలైనా ఒకరోజు మాట వినదు. ఆ రోజు దాన్ని సరిచేసుకునే ఓపిక పిల్లకు ఉండాలి.

కాబట్టి బాపూ, అమ్మాయి అడిగిన వెంటనే కొననూ వద్దు, కసరనూ వద్దు. వచ్చే సెలవులకు హైదరాబాద్ బస్సు టికెట్లు రెండు తీసుకోండి. పిల్లకు కోటు కొలతలు ఇప్పించండి. నాలుగు నెలలు గోడ మీది చుక్కను చూడనివ్వండి. అప్పటికీ ఆ చుక్క మీంచి చూపు తిప్పకపోతే పత్తి డబ్బు కొంత పక్కన పెట్టండి. వచ్చే పంటకు రైఫిల్ కొనొచ్చు.

బాపమ్మకు కూడా ఓసారి ఆ అర మిల్లీమీటరు చుక్క చూపించండి. బియ్యంలో రాళ్లేరిన కళ్లు కదా, ఆ చుక్క విలువ అందరికన్నా ముందు ఆవిడకే తెలుస్తుంది.